టవర్ పునాది మీద రెండు గదుల ఇల్లు

2025 ఎండాకాలం. లక్సెట్టిపేట నుంచి గోదావరి వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ చుట్టుపక్కల అలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి. కొంత వరి, కొంత పత్తి, ప్రతి వాడలోనూ గల్ఫ్‌లో ఉన్నవాళ్ళో, వెళ్ళి తిరిగి వచ్చినవాళ్ళో కొందరు.

అప్పటికి నేను అసిస్టెంట్ ఇంజనీర్‌గా రిటైరై కొన్నేళ్ళయింది. సొంత జాగా ఉన్న పేదలు ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం డబ్బు సాయం చేసే పథకం ఆ ఏడు ఊపందుకుంది. ఊరూరా ఒకేసారి ఇళ్ళు మొదలయ్యేసరికి, వాటిని చూసే ఇంజనీర్లు చాలలేదు. నాలాంటి పాతవాళ్ళను కొందరిని తాత్కాలికంగా పిలిచారు. ఇంట్లోవాళ్ళు వద్దన్నారు, మోకాళ్ళు కూడా వద్దన్నాయి. అయినా వెళ్ళాను. రోజూ డైరీ రాసే అలవాటున్నవాడికి రాయడానికి ఏమీ లేని రోజులు చాలా బరువుగా ఉంటాయి.

ఈ పని తెలియనివారికి ముందు కొంచెం చెప్పాలి. ప్రభుత్వం డబ్బంతా ముందే చేతిలో పెట్టదు. ఇల్లు ఒక్కో దశకు చేరాక ఒక్కో విడత ఇస్తుంది. మొదటి దశ బేస్‌మెంట్, అంటే పునాది తీసి నేల మీద గద్దె లేపడం. రెండోది రూఫ్ లెవెల్, అంటే గోడలు పైకప్పు ఎత్తుకు లేవడం. తర్వాత స్లాబ్, ఆ తర్వాత పూర్తయిన ఇల్లు. ప్రతి దశలోనూ, ఇల్లు ఎవరి పేరు మీద మంజూరైందో ఆ మనిషి ఇంటి ముందు నిలబడాలి. మేము ఫోన్‌లో ఉన్న యాప్‌తో ఫోటో తీసి పంపాలి. అప్పుడు ఆ మనిషి బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతుంది. వీటన్నిటికంటే ముందు జరిగేది ముగ్గు పోయడం. నేల మీద తెల్లటి పొడితో ఇంటి హద్దు గీయడాన్ని అలా అంటారు.

సత్తవ్వను మొదట ముగ్గు పోసిన రోజునే చూశాను. నలభై దాటిన మనిషి. వానాకాలం నాట్లేసే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద. పాత పెంకుటిల్లు అప్పటికే విప్పించి, పక్కన టార్పాలిన్ కప్పుకొని అందులో వండుకుంటోంది. ఆమె భర్త రాజేశం పద్దెనిమిదేళ్ళుగా దుబాయ్‌లో ఉన్నాడు. ఇల్లు మంజూరైందని తెలిసి ఇక తిరిగి పోనని చెప్పి వచ్చేస్తున్నాడు. వారం తిరగకముందే దిగుతాడని చెప్పింది.

నేను ముగ్గు పోసి, ఆ నేలకు ఎంత లోతు తవ్వాలో, ఎలాంటి పునాది సరిపోతుందో చెప్పాను. అది గట్టి మొరం నేల. రాతి పునాది మీద గోడలు లేపి, ఆ గోడల మీదే స్లాబ్ వేస్తే రెండు గదుల ఇల్లు నిక్షేపంగా ఉంటుంది. స్తంభాలతో పనే లేదు. ఆమె అన్నీ విని తల ఊపింది.

బేస్‌మెంట్ అయిందని కబురొస్తే మళ్ళీ వెళ్ళాను. మలుపు తిరగగానే ఆ జాగా కనపడింది. గద్దె మీద నుంచి తొమ్మిది చోట్ల ఇనుప సలాకల గుత్తులు రెండు నిలువుల ఎత్తున లేచి ఉన్నాయి. బొటనవేలి లావు సలాకలు. చుట్టూ బెత్తెడు బెత్తెడు దూరంలో రింగులు. ఆ సైజు సలాకలు నేను మండలంలో ఓవర్‌హెడ్ ట్యాంకుల పని చేసినప్పుడు వాడాను, ఇళ్ళకు ఎన్నడూ వాడలేదు.

ఆ ఊళ్ళో గోడలు కట్టే మేస్త్రీ ఓదెలు నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. సత్తవ్వకు వరసకు తమ్ముడు, కాబట్టి రాజేశంతో బావా బావా అని పరాచికాలు ఆడే చనువుంది.

"సారొచ్చెదాక జర ఆగు బావా అన్న. ఇన్లే. గీడ దుబాయ్ బుర్జు లేస్తదేమో అని ఊరంత చూస్తుంది," అన్నాడు.

రాజేశం ఆ మాట పట్టించుకోలేదు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఎండకు కమిలిన మొహం, ముంజేతుల మీద పాత గీతలు. దుబాయ్‌లో అతని పని రాడ్ బైండింగ్. స్తంభాలకూ, స్లాబులకూ సలాకలు వంచి, సన్నని తీగతో ముడులు వేసి కట్టడం. ఈ పునాదికి కాంక్రీటు పోయకముందు తీసిన ఫోటోలు తన ఫోన్‌లో ఒక్కొక్కటి చూపించాడు. గుంత అడుగున సలాకల జాలీ, దాని మీద నిలిచిన స్తంభం, అన్నిటినీ కలిపిన బీము. నేను ఆ ఫోటోలు మళ్ళీ మొదటి నుంచి చూశాను. ముడి ముడికీ తేడా లేదు. ఒక్క రింగు వంకర లేదు. నా ఉద్యోగ జీవితంలో పెద్ద కాంట్రాక్టర్ల పనులు కూడా చూశాను, అంత పొందికైన కట్టు చూడలేదు. ఆ మాటే అన్నాను.

"ఆడ చెక్ జేసే కన్సల్టెంట్ వచ్చి టేప్ పెడితె ఒక్క తప్పు గూడ దొరకద్దు సార్. గట్లనే కట్టిన," అన్నాడు రాజేశం. మొహం వెలిగింది.

ఆ వెంటనే అసలు సంగతి చెప్పక తప్పలేదు. ఈ ఇంటికి ఇన్ని సలాకలు అక్కర్లేదని, ఇది అయిదారు అంతస్తులు మోసే పునాది అని చెప్పాను. అతను దుబాయ్ కంపెనీ నుంచి తెచ్చుకున్న డబ్బు మొత్తం అందులోనే పోయింది. రాబోయే మొదటి విడత కూడా సలాకల దుకాణం బాకీకే పోతుంది.

సత్తవ్వ అప్పటిదాకా ఫోటో కోసం కొత్త చీర కట్టుకొని గద్దె ముందు నిలబడి ఉంది. "అంటె పైసలన్ని భూమిల పాతిండా సార్?" అని అడిగింది.

"పాతిండమ్మా. మస్తు గట్టిగ పాతిండు," అన్నాను.

ఆమె భర్త వైపు చూడలేదు. "దుబాయ్‌ల బిల్డింగులు గట్టినోనికి నేను చెప్తనా అని ఊకున్న," అంది. ఆ రోజు ఫోటోలో ఆమె మొహం ఎలా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. యాప్‌కు మొహం ఎలా ఉన్నా పరవాలేదు.

తర్వాత చాలా రోజులు ఆ జాగాలో ఇటుక కదలలేదు. భరణి కార్తె ఎండలకు టార్పాలిన్ కింద ఉండలేక సత్తవ్వ పగలంతా పక్కింటి అరుగు మీద గడిపేది. పై నుంచి మాకు ఒక ఆదేశం వచ్చింది. వానలు మొదలయ్యేలోపు కదలిక లేని ఇళ్ళ మంజూరు రద్దుచేసి, ఎదురుచూస్తున్న వేరేవాళ్ళకు ఇవ్వాలని. అందులో అన్యాయమేమీ లేదు. ఎదురుచూసేవాళ్ళూ పేదవాళ్ళే. కాని సత్తవ్వ పాత ఇల్లు విప్పేసుకుంది. మంజూరు పోతే ఆమెకు మిగిలేది తొమ్మిది సలాకల గుత్తులు, ఒక టార్పాలిన్.

ఆ మాట దాచకుండా చెప్పాలని వెళ్ళాను. రాజేశం ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఏజెంటు. పాస్‌పోర్టు ఇప్పటికే అతనికి పంపాడట. నేను చెప్పింది విని, "ఇంకో రెండేండ్లు పోయొస్త సార్. మంజూరు పోతె పోనీ, నా పైసలతోని నేనే కడ్త," అన్నాడు.

సత్తవ్వ నవ్వింది. ఆ నవ్వు వినడానికి బాగాలేదు.

"ఇల్లు గట్టెటందుకని వచ్చిండు సార్. ఇప్పుడు ఇల్లు గట్టెటందుకు మళ్ళ పోతడట. పద్దెనిమిదేండ్లు ఫోన్ల కాపురం జేసిన. ఇగ నాతోని గాదు."

రాజేశం వెళ్ళి గద్దె మీద కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. ఇంత లావు సలాకలు ఎందుకు వేశావని అప్పుడు మెల్లగా అడిగాను. తప్పు పట్టడానికి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనిపించింది.

"నాకు తెల్వది సార్," అన్నాడు. "ఎంత బరువుకు ఎంత సలాక అని నాకెవ్వలు చెప్పలే. కాయిదం మీద గీసింది కట్టిన. ఆఖరి సైటుల ఏది కట్టిన్నో ఈడ గదే కట్టిన." మళ్ళీ తనే అన్నాడు. "నేను పని జేసిన ఒక్క బిల్డింగుల గూడ గోడ చూడలే సార్. సలాకలు గట్టుడు, ఇంకో సైటుకు పోవుడు. గోడలు లేసెటప్పటికి మేం ఆడ ఉండం."

ఆ రాత్రి డైరీలో ఆ మాట రాసుకున్నాను.

అదే సమయంలో ఊళ్ళో మిగతా ఇళ్ళది వేరే సమస్య. ఓదెలు చేతి మీద గోడలు చకచకా లేచాయి. స్లాబ్ దగ్గర అన్నీ ఆగిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒకేసారి స్లాబ్ దశకు రావడంతో సలాకలు కట్టే ముఠాలు దొరకడం లేదు. మంచిర్యాల నుంచి వచ్చే ముఠా రేటు పెంచేసి, ఇవాళ రేపు అంటూ తిప్పుతోంది. స్లాబ్ పడకపోతే ఆ ఇళ్ళవాళ్ళకు విడత రాదు, ఓదెలుకు కూలీ రాదు. వానలు దగ్గర పడుతున్నాయి.

ఊళ్ళోనే ఇంత పనితనమున్న మనిషి ఖాళీగా కూర్చున్నాడు కదా అని ఓదెలుతో అన్నాను. అతను మొహం తిప్పుకున్నాడు. రాజేశం వచ్చిన కొత్తలో ఓదెలు కట్టిన గోడలను చూసి పసుల కొట్టాల్లా ఉన్నాయన్నాడట. రాజేశంతో అంటే, ముందు నవ్వింది ఎవరని అతను అడిగాడు. ఇద్దరూ మంచి పనివాళ్ళు. మంచి పనివాళ్ళ అలక తీర్చడం నా ఉద్యోగంలో నేర్పలేదు.

దాన్ని తీర్చింది సత్తవ్వ. నాట్లప్పుడు ఆ ఊళ్ళలో బదులు అనే పద్ధతి ఉంది. కూలి డబ్బు చేతులు మారదు. ఇవాళ ముఠా అంతా నా మడిలో నాటేస్తుంది, రేపు నేను నీ మడిలోకి వస్తాను. సత్తవ్వ ఆ లెక్క నడపడంలో చేయి తిరిగిన మనిషి. ఎవరు ఎవరికి ఎన్ని పూటలు బదులున్నారో ఆమె నోటికి చెప్పేస్తుంది, ఎవరూ ఎదురు చెప్పరు.

ఒక మధ్యాహ్నం నేను వేరే ఇంటి కొలతలకు వెళ్తే నన్ను కూడా పిలిపించింది. ఓదెలును తన గద్దె మీద కూర్చోబెట్టింది. రాజేశం ఆ చివర నిలబడి ఉన్నాడు.

"తమ్మీ, నీ గోడలు ఎండుతున్నయి. గీనె సలాకలు తుప్పు వడుతున్నయి. ఇద్దరి నోర్లు మాత్రం మంచిగనే ఉన్నయి," అంది భర్త వైపు చేయి చూపిస్తూ. ఓదెలు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె నా వైపు తిరిగింది. "నాట్లకు బదులు పోతలేమా సార్? ఇండ్లకెందుకు పోవద్దు? గీనె ఊరోళ్ళ స్లాబులకు సలాకలు గడ్తడు. ఓదెలు మా గోడలు లేపుతడు. సలాకల కూలి ఎవ్వలు పైసల్ల ఇయ్యద్దు. ఆ లెక్కకు ఇటుకలు, సిమెంటు మా జాగల దించాలె. సర్కారుకు ఏమన్న అభ్యంతరమా?"

నేను ఆలోచించాను. ప్రభుత్వం అడిగేది ఇల్లు కొలత దాటకూడదని, దశ పూర్తి కావాలని, పని నాణ్యంగా ఉండాలని. ఇటుక ఎవరి నుంచి వచ్చిందని ఏ నిబంధనా అడగదు. అభ్యంతరం లేదని చెప్పాను.

రాజేశం అప్పుడు నోరు విప్పాడు. "డ్రాయింగ్ లేకుంట నేను సలాక ముట్ట."

ఓదెలు నొసలు చిట్లించాడు. ఈ పరిసరాల్లో చిన్న ఇళ్ళకు డ్రాయింగ్ చూసి ఎవరూ సలాకలు కట్టరు. మేస్త్రీ అంచనానే డ్రాయింగ్. కాని ఆ షరతు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఇన్నేళ్ళ సర్వీసులో ఊరి పనివాడు ఎవరూ నన్ను డ్రాయింగ్ అడగలేదు. ఆ సాయంత్రమే కూర్చుని, మొదటి ఇంటి స్లాబ్‌కు ఏ సలాక ఎంత దూరంలో, ఎక్కడ వంచాలి, ఎక్కడ ఆపాలి అన్నీ పెన్సిల్‌తో గీసి ఇచ్చాను. రాజేశం దాన్ని మోకాళ్ళ మీద పరుచుకొని చదివాడు.

"గింత సన్నయి సరిపోతయా సార్?"

"సరిపోతయి. మోసేది రెండు గదుల కప్పు. నువ్వు పాతింది ఊరిని మోస్తది," అన్నాను.

మొదటిసారి అతను తన పునాదిని తలచుకొని తనే నవ్వాడు.

పని మొదలయ్యాక చేతులు చాలలేదు. ఊళ్ళో మగవాళ్ళు సగం మంది గల్ఫ్‌లో ఉన్నారు. సత్తవ్వ తన నాటు ముఠాను తీసుకొచ్చింది. నాట్లకు ఇంకా టైముంది, వాళ్ళు ఖాళీగానే ఉన్నారు. రాజేశం ముందు ఒప్పుకోలేదు. ఆడవాళ్ళకు హుక్కు పట్టడం రాదన్నాడు. హుక్కంటే తీగను మెలితిప్పే చిన్న కొక్కెం. సత్తవ్వ దాన్ని అతని చేతిలోంచి తీసుకొని, "నారు ముడి ఎవ్వలు గడ్తున్రు మరి, మీ కన్సల్టెంటా?" అంది.

ఒక పూటలో వాళ్ళకు ముడి పట్టుబడింది. ఆ తర్వాత జరిగింది చూడటానికి నేను ఎండలో గొడుగు వేసుకొని చాలాసేపు నిలబడ్డాను. మామూలుగా సలాకలు కట్టేవాళ్ళు ముందుకు జరుగుతూ, కట్టినవాటి మీద కాళ్ళు వేస్తూ పోతారు. సలాకలు అక్కడక్కడ కుంగుతాయి. ఈ ఆడవాళ్ళు సెంట్రింగ్ మీద, అంటే స్లాబ్ పోయడానికి కింద కొట్టిన చెక్కల మీద, వరసగా వంగి నిలబడి, నాటు వేసినట్టే వెనక్కి అడుగులు వేస్తూ ముడులు వేసుకుంటూ వచ్చారు. కట్టినదాని మీద ఒక్క అడుగు పడలేదు. వాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నాటిన మొక్క మీద కాలు వేయకూడదని చిన్నప్పటి నుంచి తెలుసు, అంతే. రాజేశం చూసి, తన సూపర్‌వైజర్ గనక ఇది చూస్తే అందరినీ దుబాయ్ విమానం ఎక్కించేవాడని అన్నాడు. ఆ మాటకు మాత్రం సత్తవ్వ నవ్వలేదు.

కవర్ బ్లాకులు కూడా అతనే చేయించాడు. అంటే, సలాకలు సెంట్రింగ్‌కు ఆనకుండా కింద పెట్టే చిన్న సిమెంటు బిళ్ళలు. అవి లేకపోతే కాంక్రీటు సలాక కిందికి దిగదు, కొన్నేళ్ళకు కప్పు పెచ్చులూడుతుంది. ఊళ్ళలో కంకర రాళ్ళు పెట్టి సరిపుచ్చుతారు. రాజేశం ఇసుక, సిమెంటు కలిపి, పళ్ళెంలో పోసి, ఆరకముందే తీగతో కోసి, నీళ్ళలో నానబెట్టాడు. ఓదెలు అవి చేత్తో పట్టుకు చూసి, బర్ఫీ లెక్క ఉన్నయని అన్నాడు. ఆ తర్వాత పసుల కొట్టం మాట ఇద్దరి మధ్యా రాలేదు. రాజేశం ఒక రోజు ఓదెలు కట్టిన గోడకు తూకపు గుండు వేలాడదీసి చూసి, ఏమీ అనకుండా గుండు తిరిగి అతని చేతిలో పెట్టాడు. పనివాళ్ళ మధ్య అంతకంటే పెద్ద మెప్పు నేను చూడలేదు.

సత్తవ్వ జాగాలో ఇటుకలు దిగడం మొదలైంది. ఒక్కొక్కరు ఒక్కో బట్టీవి తెచ్చారు. కొన్ని ముదురు ఎరుపు, కొన్ని గులాబీ రంగు, కొందరివి బూడిదరంగు సిమెంటు ఇటుకలు. ఓదెలు వాటిని ఏరి, వరస వరసగా అమర్చి, ఆ తొమ్మిది గుత్తులను లోపల కలుపుకుంటూ గోడలు లేపాడు. సిమెంటు పూత పడే దాకా ఆ గోడ చారల దుప్పటిలా ఉండేది. ఏ చార ఎవరి స్లాబుదో సత్తవ్వ దారిన పోయేవాళ్ళకు చూపించి చెప్పేది. రూఫ్ లెవెల్ ఫోటో తీసిన రోజున ఆమె కొత్త చీర కట్టుకోలేదు. చేతికి సిమెంటు ఉంది, నడుముకు హుక్కు ఉంది. యాప్ దానికీ ఏమీ అనలేదు.

విడత పడింది. మృగశిర మబ్బులు పట్టకముందే స్లాబ్‌కు సెంట్రింగ్ కొట్టారు. సొంత కప్పుకు సలాకలు కట్టే రోజున రాజేశం డ్రాయింగ్ అడగలేదు. అంతకుముందు ఇళ్ళకు గీసినవన్నీ అతని దగ్గరే ఉన్నాయి, తనే లెక్క కట్టుకొని వచ్చి నాకు చూపించాడు. నేను దిద్దాల్సింది ఏమీ లేదు. సలాక లావు కూడా సరిగ్గా ఉంది.

ఇల్లు పూర్తయ్యాక ఆఖరి ఫోటోకు వెళ్ళాను. లావు స్తంభాల సలాకలు కప్పు మీద నుంచి ఇంకా పైకి లేచే ఉన్నాయి. కోసేయమంటే రాజేశం వినలేదు. "ఇంకో నాలుగంతస్తులు ఏసుకుంటం సార్, సర్కారుకు జెర చెప్పుర్రి," అంది సత్తవ్వ. తర్వాత భర్తను కూడా ఫోటోలో నిలబెట్టమంది. మంజూరు ఆమె పేరు మీద ఉంది కాబట్టి యాప్‌కు ఆమె ఒక్కతే కావాలి. అది అయ్యాక నా సొంత ఫోన్‌తో ఇంకొకటి తీస్తానన్నాను. రాజేశం వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒక చేయి గోడకు ఆనించాడు. ఫోటో తీశాక కూడా ఆ చేయి తీయలేదు.

పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర నుంచి వెనక్కి తెచ్చుకున్నాడని ఓదెలు చెప్పాడు. ఇప్పుడు ఆ నాటు ముఠా, రాజేశం కలిసి చుట్టుపక్కల ఊళ్ళలో సలాకల పని చేస్తున్నారు. నాట్లప్పుడు మాత్రం సలాకల పని బంద్. అప్పుడు రాజేశం నారు కట్టలు మోస్తాడు.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. ఇళ్ళ పథకమంటే ఇన్నేళ్ళూ నేను సిమెంటు, ఇటుక, కొలత, విడత అనుకున్నాను. ఎక్కడెక్కడో చెదిరిపోయిన పనితనం ఒక ఊరికి తిరిగి చేరడానికి కూడా ఆ డబ్బు దారి వేస్తుందని అప్పటిదాకా తోచలేదు. నేను ముగ్గు పోసిన రోజున సత్తవ్వను నేల గురించి అడిగాను, జాగా హద్దుల గురించి అడిగాను. వచ్చే మనిషికి ఏ పని వచ్చని అడగలేదు. నాకు అది అడగాలని ఎవరూ చెప్పలేదు, ఏ కాగితంలోనూ ఆ ప్రశ్న లేదు.

ఇప్పుడు ఏ ఊళ్ళో ముగ్గు పోసినా, ముందు ఇంటివాళ్ళను కూర్చోబెట్టి ఆ ప్రశ్న అడుగుతున్నాను. మీ ఇంట్లో ఎవరికి ఏ పని వచ్చు అని. మొదట బిత్తరపోతారు, మాకేమొస్తది సార్ అంటారు. నేను గొడుగు ముడిచి, నీడ చూసుకొని కూర్చుంటాను. కాసేపటికి ఎవరో ఒకరు చెప్పడం మొదలుపెడతారు.